ఇచ్చారు – ఇచ్చేవారు: ఒక స్పానిష్ క్రియ చెప్పిన పాఠం

కిందటి విద్యాసంవత్సరం చివరిలో మా డిగ్రీ తృతీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, అనుమతి అడిగి లోపలికి వచ్చి, కొంతసేపు మాటలకోసం తడుముకున్నాడు. చివరకు, “సార్, ఇంగ్లీషే సరిగా రానివాడు స్పానిష్ నేర్చుకోగలడా?” అని ప్రశ్నించాడు. పట్నంలో ఒకచోట సాయంకాలపు తరగతులు ప్రారంభమవుతున్నాయని విని అతడు చేరదలచాడు. “ముందు ఇంగ్లీషు గట్టెక్కు, తరువాత స్పెయిన్ సంగతి చూద్దువుగాని” అని మిత్రులు ఎగతాళి చేశారట.

ఈ ప్రశ్న అతని ఒక్కనిది కాదు. మన కళాశాలలో చదివేవారిలో పెక్కుమంది ఉర్దూ మాధ్యమం నుండి గాని, తెలుగు మాధ్యమం నుండి గాని వచ్చినవారే. ప్రపంచంలోని సమస్త భాషలకూ ఇంగ్లీషే ఏకైక వాకిలి అనీ, ఆ వాకిట్లో తడబడినవానికి ఇక ఏ ఇంట్లోనూ ప్రవేశం లేదనీ వారి మనసుల్లో ఒక భయం నాటుకొని ఉన్నది. ఆ భయం కొంతకాలం మాకూ ఉండేది. అది ఎట్లా పోయినదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు పెద్ద సిద్ధాంతాలు అక్కరలేదు. ఒకే ఒక క్రియను, దాని భూతకాలాన్ని తీసుకుంటే చాలు. ఆ క్రియ ‘రెగలార్’. కానుకగా ఇవ్వడం అని దాని అర్థం.

మా పొరపాటు

కొన్నేళ్ళ క్రితం మేమూ ఒక సాయంకాలపు తరగతిలో చేరి స్పానిష్ అభ్యసించాము. ఒకనాడు అధ్యాపకురాలు మమ్మల్నందరినీ, “మీకు ఎవరైనా ఇచ్చిన కానుకను గురించి ఒక్క వాక్యం వ్రాయండి” అన్నారు. మేము ఎం.ఏ.లో సీటు సంపాదించిననాడు మా తండ్రిగారు తమ కుట్టుమిషను ఆదాయంలోంచి మిగుల్చుకొన్న సొమ్ముతో మాకొక ఇంకుపెన్ను కొని ఇచ్చారు. ఆ సంగతే వ్రాశాము: ‘మి పాద్రె మె రెగలాబ ఊన ప్లూమ.’

ఆమె కాగితం చూసి చిరునవ్వు నవ్వి, “ఏమండీ, మీ నాన్నగారు రోజూ ఒక కలం ఇస్తూండేవారా?” అని అడిగారు. తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాము గాని, లోపల ఏదో కలుక్కుమన్నది. మా తండ్రిగారు తమ జీవితమంతటిలో మాకు ఇచ్చిన కలం అది ఒక్కటే. అప్పటికి వారు గతించి రెండేళ్ళు దాటినది.

తప్పు ఎక్కడ జరిగినది? మేము చదివే వ్యాకరణ పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. అందులో ‘రెగలో’ అనే రూపానికి ‘గేవ్’ అని అర్థం. ‘రెగలాబ’ అనే రూపానికి ఇచ్చిన మూడు నాలుగు అర్థాలలోనూ ‘గేవ్’ ఉన్నది. రెండింటికీ ఒకటే అర్థం కదా అనుకొని, చెవికి ఇంపుగా తోచినదానిని ఎంచుకున్నాము. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ రెండు రూపాలను ఇంగ్లీషు పక్కన కాక తెలుగు పక్కన పెట్టి చూశాము. ‘రెగలో’ అంటే ఇచ్చారు. ‘రెగలాబ’ అంటే ఇచ్చేవారు. అంతే! చిన్నపిల్లవాడు కూడా తెలుగులో ఈ రెండింటినీ కలగలపడు. ఇంగ్లీషు ‘గేవ్’ కప్పిపుచ్చిన భేదాన్ని మా తల్లిభాష దాచకుండా చూపినది.

క్రియా రూపాలు

ఇక పాఠానికి వద్దాము. స్పానిష్ క్రియలన్నీ మూల రూపంలో ‘ఆర్’, ‘ఏర్’, ‘ఈర్’ అనే మూడు చివరలలో ఏదో ఒకదానితో ముగుస్తాయి. ‘రెగలార్’ మొదటి వర్గానికి చెందినది. చివరి ‘ఆర్’ను తీసివేస్తే మిగిలే ‘రెగల్’ ధాతువు వంటిది. దానికి ప్రత్యయాలు చేర్చితే జరిగి ముగిసిన పనిని తెలిపే భూతకాలం ఏర్పడుతుంది. ఇక్కడ ఒత్తి పలకవలసిన అచ్చును దీర్ఘంగా, తక్కినవాటిని హ్రస్వంగా వ్రాశామని గమనించ ప్రార్థన.

నేను ఇచ్చాను – రెగలే
నీవు ఇచ్చావు – రెగలాస్తె
అతడు ఇచ్చాడు, ఆమె ఇచ్చింది, తమరు ఇచ్చారు – రెగలో
మేము ఇచ్చాము, మనము ఇచ్చాము – రెగలామొస్
మీరందరు ఇచ్చారు (చనువుగలవారితో) – రెగలాస్తెయిస్
వారు ఇచ్చారు, తమరందరు ఇచ్చారు – రెగలారొన్

ఈ పట్టికను చూసి బెదరవలసిన పని లేదు. ‘ఇచ్చాను’ అన్నప్పుడు ‘నేను’ అని వేరుగా చెప్పకపోయినా కర్త ఎవరో తెలుస్తున్నది కదా! ‘రెగలే’ అన్నా అంతే. కర్తను తెలిపే సర్వనామాన్ని స్పానిష్ వారు సాధారణంగా వదలివేస్తారు. ఇంగ్లీషు ‘గేవ్’కు ఈ సౌకర్యం లేదు. నేనైనా, నీవైనా, వారైనా దాని రూపం మారదు కాబట్టి కర్తను ప్రతిసారీ చెప్పక తప్పదు.

మరొక సామ్యం చూడండి. తెలుగులో ‘వారు ఇచ్చారు’, ‘మీరు ఇచ్చారు’ అనే రెండు చోట్లా క్రియ ఒక్కటే. స్పానిష్‌లోనూ ‘వారు’ అనే అర్థానికి, గౌరవంగా పలువురిని సంబోధించే అర్థానికి ‘రెగలారొన్’ ఒక్కటే సరిపోతున్నది. ఒక్క వ్యక్తిని మన్నించి పిలిచే ‘ఉస్తేద్’ అనే మాట ‘బ్వేస్త్ర మెర్సేద్’, అనగా ‘తమ దయ’ అనే పాత సంబోధన అరిగిపోగా మిగిలినది. కావుననే దానికి ‘నీవు’ రూపం కాక ‘అతడు’ రూపం వాడతారు. ‘తమరు’ అనీ, ‘ఆప్’ అనీ పెద్దలను పిలిచే మనకు ఈ మర్యాదను ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. లాటిన్ అమెరికా దేశాలలో ‘రెగలాస్తెయిస్’ అనే రూపం సాధారణ వాడుకలో లేదు. అక్కడ మిత్రులనైనా, పెద్దలనైనా పలువురిని ఉద్దేశించినప్పుడు ‘రెగలారొన్’ అనే అంటారు.

భేదాలు కూడా కలవు. తెలుగులో ‘ఇచ్చాడు’, ‘ఇచ్చింది’ అని క్రియ స్త్రీపురుష భేదాన్ని చూపుతుంది. స్పానిష్ ‘రెగలో’ చూపదు. ఉర్దూలోనైతే క్రియ ఇచ్చినవారిని విడిచి, ఇచ్చిన వస్తువును అనుసరిస్తుంది: ‘మైఁనే తోహ్ఫా దియా’, ‘మైఁనే కితాబ్ దీ’. తోహ్ఫా పుంలింగం, కితాబ్ స్త్రీలింగం. ఇచ్చినది స్త్రీయా, పురుషుడా అన్నదానితో ఇక్కడ పని లేదు. మన దక్కనీ మాటలో ఈ ‘నే’ తరచుగా జారిపోవడం, క్రియ మళ్ళీ కర్త వైపు తిరగడం మీలో పెక్కుమందికి ఇంట్లో అనుభవమే. మనం పుట్టినప్పటి నుండి భూతకాలాన్ని రెండు మూడు విధాలుగా పలుకుతూ వస్తున్నాము. నాలుగవ విధానం మనకు భారం కాగూడదు.

అలాగే ‘మేము’, ‘మనము’ అని తెలుగు చేసే చక్కని భేదం స్పానిష్‌లో లేదు. ‘నొసోత్రొస్’ ఒక్కటే రెండింటికీ చెల్లుతుంది. ఉర్దూ ‘హమ్’ వలెనే అన్నమాట.

ఒక చిన్న గీత

ఈ క్రియ నేర్చుకొనేవారికి మొదటి గండం దాని స్వరంలో ఉన్నది. ‘రెగాలొ’ అని నడిమి అచ్చును ఒత్తి పలికితే ‘నేను కానుక ఇస్తాను’ అని అర్థం. ‘కానుక’ అనే నామవాచకమూ అదే. ‘రెగలో’ అని చివరి అచ్చును ఒత్తితే ‘అతడు ఇచ్చాడు’. వ్రాతలో ఈ రెండింటికీ అక్షరాలు ఒక్కటే. చివరి అక్షరంపై ఏటవాలుగా గీచే చిన్న గీత ఒక్కటే తేడా. ఆ గీత మరిచిపోతే కర్త మారుతుంది, కాలం మారుతుంది. ‘రెగలే’ సంగతీ ఇంతే. ఒత్తు మారి ‘రెగాలె’ అయితే అది ‘ఇచ్చాను’ కాదు. ‘ఇవ్వుగాక’, ‘ఇవ్వండి’ వంటి వేరే అర్థం వస్తుంది.

ఇంత చిన్న గీతకు అంత పెత్తనమా అని ఆశ్చర్యపడవద్దు. తెలుగులో ‘పలక’కూ ‘పాలక’కూ ఎంత దూరం! ఉర్దూలో ఒక్క నుక్తా పైనుండి కిందికి దిగితే మాట మారిపోదా? అక్షరాన్ని మన్నించడం మనకు కొత్త విద్య కాదు. కాగా ఈ గీతను అలంకారంగా కాక, అక్షరంలో ఒక భాగంగా భావించి మొదటిరోజు నుండే వ్రాయడం అలవాటు చేసుకోవాలి.

రెండవ గండం ‘రెగలామొస్’. వర్తమానంలో ‘మేము ఇస్తాము’ అన్నా, భూతకాలంలో ‘మేము ఇచ్చాము’ అన్నా రూపం ఒకటే. ‘నిన్న’, ‘కిందటి వారం’ వంటి మాట పక్కన ఉంటే సందేహం తీరుతుంది. కావున ఈ రూపం వాడినప్పుడు కాలాన్ని తెలిపే మాటను చేర్చడం మంచిది.

ఉచ్చారణలో మనకు కొన్ని వరాలున్నాయి. స్పానిష్ తకార దకారాలు పళ్ళకు నాలుక ఆనించి పలికే మన ‘త’, ‘ద’లకు దగ్గరగా ఉంటాయి. మాట మొదట వచ్చే రేఫను మాత్రం నాలుక అదరగొట్టి గట్టిగా పలకాలి. పాత పుస్తకాలలోని మన శకటరేఫ ఱకారాన్ని తలచుకుంటే సాధారణ రేఫకూ దీనికీ తేడా గుర్తుంటుంది. ‘పేరొ’ అంటే ‘కాని’. అదే రేఫను గట్టిగా పలికి ‘పేఱొ’ అంటే ‘కుక్క’.

ఇచ్చారు – ఇచ్చేవారు

ఇప్పుడు అసలు విషయం. స్పానిష్‌లో రెండవ భూతకాలం ఒకటి కలదు: రెగలాబ, రెగలాబస్, రెగలాబ, రెగలాబమొస్, రెగలాబయిస్, రెగలాబన్. ఇది ముగింపు చూపని గతాన్ని తెలుపుతుంది. ‘నేను’, ‘అతడు’ అనే రెండింటికీ ‘రెగలాబ’ ఒకటే కాబట్టి సందేహం కలిగే చోట కర్తను చెప్పడం ఉచితం.

రంజాన్ పండుగనాడు నమాజు ముగించి వచ్చిన తరువాత మా దాదాగారు అరుగు మీద కూర్చొని, వరుసగా వచ్చి సలాము చేసే పిల్లలందరికీ ఈదీగా ఒక్కొక్క నాణెం ఇచ్చేవారు. ఏటా ఇచ్చేవారు. దీన్ని స్పానిష్‌లో చెప్పాలంటే ‘మి అబ్వేలొ మె రెగలాబ ఊన మొనేద’. ఎన్నోసార్లు జరిగిన, ఆచారంగా సాగిన పని ఇది. మా తండ్రిగారు కలం ఇచ్చినది ఒకనాడు, ఒకసారి. ‘మి పాద్రె మె రెగలో ఊన ప్లూమ.’ ఈ రెండు వాక్యాలనూ మనసులో పక్కపక్కన నిలుపుకుంటే సగం వ్యాకరణం పట్టుబడినట్లే.

స్పెయిన్ దేశపు ఆచారం నుండే మరొక ఉదాహరణ ఇస్తాము. ఆ దేశంలోని కతలోనియా ప్రాంతంలో ఏప్రిల్ 23న సెయింట్ జార్జి పండుగ జరుగుతుంది. ఆనాడు బార్సిలోనా వీధుల నిండా పుస్తకాల బల్లలు, గులాబీల అంగళ్ళు వెలుస్తాయి. ఆప్తులు ఒకరికొకరు పుస్తకాలు, గులాబీలు ఇచ్చుకుంటారు. 1995లో యునెస్కో సంస్థ ప్రపంచ పుస్తక దినంగా ప్రకటించినది ఈ ఏప్రిల్ 23నే. ఆ ఊరివాడొకడు ‘ఏప్రిల్ 23న నా మిత్రుడు నాకొక పుస్తకం ఇచ్చాడు’ అంటే ‘రెగలో’ వాడతాడు. ‘ప్రతి ఏప్రిల్ 23నా ఇచ్చేవాడు’ అంటే ‘రెగలాబ’ వాడతాడు. ‘రెగలాబ’ అన్నప్పుడు ఆ కాలం వెనుకబడినదనీ, ఆ అలవాటు ఇప్పుడు లేదనీ వినేవాడు తరచుగా గ్రహిస్తాడు. మన ‘ఇచ్చేవాడు’లోనూ ఆ ధ్వని ఉన్నది కదా!

అయితే ఒక మెలకువ అవసరం. పలుమార్లు జరిగినంత మాత్రాన ‘రెగలాబ’ రాదు. ‘పదేళ్ళపాటు ఏటా నాకు పుస్తకం ఇచ్చాడు’ అని కాలానికి హద్దు కట్టి, లెక్క ముగించి చెబితే స్పానిష్‌లోనూ ‘రెగలో’నే వస్తుంది. పని ఎన్నిసార్లు జరిగినదన్నది ముఖ్యం కాదు. చెప్పేవాడు ఆ గతాన్ని మూతవేసి చూస్తున్నాడా, తెరచి ఉంచి చూస్తున్నాడా అన్నదే ముఖ్యం. తెలుగులో కూడా ‘పదేళ్ళు ఇచ్చాడు’ అనడం సహజంగానే ఉన్నది.

మరొక మెలకువ. జరుగుతూ ఉండగా మరొక పని అడ్డుపడినప్పుడు కూడా స్పానిష్ వారు ‘రెగలాబ’నే వాడగలరు. ‘నేను లోపలికి వెళ్ళేసరికి బాబాయిగారు తమ్మునికి గడియారం ఇస్తున్నారు’ అనే వాక్యంలో మన ‘ఇస్తున్నారు’ స్థానంలో నిలిచేది ‘రెగలాబ’. అందులోని ‘వెళ్ళేసరికి’ మాత్రం ముగిసిన భూతకాలంలో ఉంటుంది. అనగా తెలుగులో ఇచ్చేవారు, అప్పుడు ఇస్తున్నారు అనే రెండు రూపాలకు స్పానిష్‌లో ఒకే రూపం. ఇంతవరకు గుర్తుంచుకుంటే చాలును. మన భాష కొలబద్దే గాని అచ్చు కాదు. కొలిచి చూసుకోవాలి, పోతపోయగూడదు.

ఇంకొక రూపం స్పెయిన్‌లో తరచుగా వినబడుతుంది: ‘అ రెగలాదొ’. ఈరోజే, ఈ వారంలోనే ఇచ్చిన కానుకకు స్పెయిన్‌లోని చాలా ప్రాంతాలవారు దీన్ని వాడతారు. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఈ ఉదయం ఇచ్చినదానికి కూడా ‘రెగలో’ అనే అంటారు. మన ‘ఇచ్చాడు’ రెండు సందర్భాలకూ సరిపోతున్నది.

ఎవరికి ఇచ్చారు?

కానుకకు ఇచ్చేవారు, వస్తువు, పుచ్చుకొనేవారు అనే మూడు అంగాలు తప్పవు. పుచ్చుకొనేవారిని తెలుగులో ‘కు’ విభక్తితోను, ఉర్దూలో ‘కో’తోను తెలుపుతాము. స్పానిష్‌లో ఆ పనిని ‘అ’ అనే చిన్న మాట చేస్తుంది. దానితోపాటు క్రియకు ముందు మె (నాకు), తె (నీకు), లె (అతనికి, ఆమెకు, తమకు), నొస్ (మాకు, మనకు), ఒస్ (మీకు), లెస్ (వారికి) అనే పొట్టి మాటలలో ఒకటి నిలుస్తుంది.

‘మా అమ్మకు పుస్తకం ఇచ్చాను’ అనే వాక్యం ‘లె రెగలే ఉన్ లీబ్రొ అ మి మాద్రె’ అవుతుంది. మాటకు మాట చూస్తే ‘ఆమెకు ఇచ్చాను ఒక పుస్తకం, మా అమ్మకు’ అన్నట్లున్నది. చివర అమ్మ ఉన్నది కదా, మొదట ‘ఆమెకు’ ఎందుకని మేమూ మొదట్లో ‘లె’ను ఎగరగొట్టేవారము. అది భాషకు సహజం కాదు. ఇటువంటి వాక్యాలలో స్పానిష్ వారు ‘లె’ను సాధారణంగా వదలరు.

వస్తువును కూడా సర్వనామంతో చెప్పదలిస్తే ఒక వింత జరుగుతుంది. ‘దాన్ని ఆమెకు ఇచ్చాను’ అనడానికి ‘లె లొ రెగలే’ అనకూడదు. ‘లె’ మారి ‘సె’ అవుతుంది: ‘సె లొ రెగలే’. వ్యాకరణ పుస్తకాలు దీన్ని మినహాయింపుగా చూపి విద్యార్థిని భయపెడతాయి. రెండు మాటలు పక్కపక్కన చేరినప్పుడు ఒకటి రూపు మార్చుకోవడం సంధులు చదివిన తెలుగు విద్యార్థికి వింత కాదు. కావున దీన్ని ఒక సంధి కార్యం వలె భావించి నోటికి పట్టించుకుంటే చాలు.

ఇవ్వడం వేరు, కానుక వేరు

స్పానిష్‌లో ‘ఇవ్వడం’ అనే సామాన్యార్థానికి ‘దార్’ అనే క్రియ ఉన్నది. జీతం ఇచ్చినా, జవాబు ఇచ్చినా ‘దార్’. ప్రతిఫలం ఆశించక ఇచ్చినప్పుడే ‘రెగలార్’. యజమాని పనివానికి జీతాన్ని ‘రెగలో’ చేయడు. చేశాడంటే, పని చేయించుకొని కూలిని కానుకగా చెప్పుకొంటున్నాడన్నమాట. ఒక్క క్రియలో ఇంత నీతి ఉన్నది.

‘దార్’ భూతకాలం కొంచెం వక్రమార్గం పడుతుంది. ‘ఆర్’ వర్గంలో పుట్టి కూడా పక్క వర్గాల ప్రత్యయాలు తొడుక్కుంటుంది: దీ, దీస్తె, ద్యో, దీమొస్, దీస్తెయిస్, ద్యేరొన్. దీన్ని కంఠస్థం చేయక తప్పదు. ‘రెగలార్’ మాత్రం క్రమం తప్పని క్రియ. దాన్ని నేర్చితే అదే అచ్చులో కొంప్రార్ (కొనడం), అబ్లార్ (మాట్లాడడం), దొనార్ (దానం చేయడం) మొదలైన వందలాది క్రియలు వచ్చేస్తాయి: కొంప్రే, కొంప్రాస్తె, కొంప్రో.

లోక వ్యవహారం వ్యాకరణాన్ని అప్పుడప్పుడు ఆటపట్టిస్తుంది. కొలంబియా దేశంలో కాఫీ అంగడికి వెళ్ళినవాడు ‘నాకొక కాఫీ కానుకగా ఇస్తారా?’ అన్న అర్థం వచ్చేటట్లు ‘రెగలార్’ క్రియతో అడుగుతాడు. డబ్బు చెల్లించే తాగుతాడు. అది అక్కడి మర్యాద. ఇక ‘రెగలాదొ’, అనగా ‘కానుకగా వచ్చిన’ అనే రూపంతో ఒక సామెత ఉన్నది. కానుకగా వచ్చిన గుర్రం పళ్ళు చూడవద్దని దాని భావం. ‘దాన్ కీ బఛియా కే దాఁత్ నహీఁ దేఖే జాతే’ అని మన ఉత్తరాదివారు అనేది దీనినే. అక్కడ గుర్రం, ఇక్కడ ఆవుపెయ్య. నీతి మాత్రం ఒకటే.

అరబ్బీ ఇచ్చిన కానుకలు

ఉర్దూ చదివిన మన విద్యార్థులకు మరొక దగ్గరితనం ఉన్నది. క్రీ.శ. 711లో స్పెయిన్‌లో అడుగుపెట్టిన ముస్లిం పాలన 1492లో గ్రనాదా పతనంతో ముగిసినది. ఆ 1492లోనే నెబ్రీఖ అనే పండితుడు కాస్తీలియన్ భాషకు, అనగా నేటి స్పానిష్‌కు, వ్యాకరణం ప్రకటించాడు. పాలన పోయినది గాని మాటలు మిగిలాయి. పత్తికి అల్గొదోన్ (అల్-ఖుత్న్), తలగడకు అల్మొఆద (అల్-మిఖద్దా) అనడం చూడండి. అరబ్బీ ‘అల్’ ఆ మాటలకు అతుక్కొనే ఉండిపోయినది. చక్కెరకు అసూకర్ (అస్-సుక్కర్), బియ్యానికి అర్రోస్ (అర్-రుజ్) అన్న చోట లామ్ మాయమై తరువాతి అక్షరంలో కలిసినది. షమ్సీ, ఖమరీ అక్షరాలు చదివినవారికి కారణం చెప్పనక్కరలేదు. ‘అసూకర్’కూ మన చక్కెరకూ మూలం సంస్కృత శర్కర. ‘నరాంఖ’ అంటే మన నారింజయే. ఆ ‘ఖ’ ఉర్దూ ‘ఖే’ అక్షరపు ధ్వని. ‘ఒఖలా’ అనే మాటకు ‘అట్లా జరిగితే బాగుండును’ అని అర్థం. అల్లాహ్ తలిస్తే అనే అరబ్బీ పలుకు నుండి అది వచ్చినది.

మన విషయానికి మిక్కిలి దగ్గరి మాట ‘అల్బ్రీస్యస్’. అరబ్బీ ‘బుష్రా’ దీనికి మూలం. ఉర్దూలో శుభవార్తను ‘బషారత్’ అంటాము కదా, అదే కుదురు. పూర్వం శుభవార్త తెచ్చినవానికి ఇచ్చే కానుకను స్పానిష్ వారు ‘అల్బ్రీస్యస్’ అనేవారు. తరువాత అది సంతోషంతో పలికే కేకగా కూడా మారినది. మంచి మాట మోసుకొచ్చినవానిని వట్టిచేతులతో పంపరాదనే సంస్కారం ఆ మాటలో నిలిచి ఉన్నది.

చివరి మాట

స్పానిష్ ఇరవై దేశాలకు అధికార భాష, ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరింటిలో ఒకటి. 1972 నుండి 2007 వరకు కేంద్రీయ ఆంగ్ల, విదేశీ భాషల సంస్థ అనే పేరుతో ఉండి, 2007లో విశ్వవిద్యాలయంగా మారిన హైదరాబాదులోని సంస్థలో ఈ భాషను బోధిస్తున్నారు. అవకాశం మన వాకిట్లోనే ఉన్నది. ఇంగ్లీషు అక్కరలేదని మేము అనడం లేదు. పుస్తకాలలో పెక్కు దానిలోనే ఉన్నాయి, దానినీ నేర్వాలి. కాని ఇంగ్లీషులో వెనుకబడినవాడు తక్కిన భాషలకు అనర్హుడన్న మాట మాత్రం నిజం కాదు. కొత్త భాషలోని ప్రతి రూపాన్నీ ముందు మీ ఇంటి మాటలో చెప్పి చూసుకోండి. తెలుగులో కుదరకపోతే ఉర్దూలో చూడండి. రెండు భాషల ఇళ్ళలో పెరిగిన మీకు రెండు కొలబద్దలున్నాయి. ఒక్కటే ఉన్నవానికంటే మీరు పేదవారెట్లా అవుతారు?

ఆ విద్యార్థికి ఆనాడు మేము ఇంత వివరంగా చెప్పలేదు. ‘ఇచ్చారు’, ‘ఇచ్చేవారు’ అని రెండు మాటలు కాగితం మీద వ్రాసి, వాటి తేడా చెప్పమన్నాము. తడుముకోకుండా చెప్పాడు. “అయితే వెళ్ళి చేరు నాయనా” అన్నాము.

మూడు నెలల తరువాత అతడు మళ్ళీ స్టాఫ్ రూముకు వచ్చి ఒక కాగితం మా ముందు పెట్టాడు. రోమన్ లిపిలో ఒకే వాక్యం: మా అమ్మ నాకు నిఘంటువు కానుకగా ఇచ్చింది. అతని తల్లి బీడీలు చుట్టి సంసారం నడుపుతున్నదని మాకు తెలుసు. క్రియ సరిగానే ఎంచుకున్నాడు, ‘మె’ సరైన చోటనే నిలిపాడు. చివరి అక్షరంపై గీత మాత్రం మరిచాడు. మేము జేబులోంచి మా తండ్రిగారి కలం తీసి, ఆ ఒక్క గీత గీచి, కాగితం తిరిగి అతని చేతికిచ్చాము.